రూల్స్ ఎందుకు పాటిస్తాం, ఎప్పుడు పక్కన పెడతాం? రొయ్యల గుంట గట్టు మీద నుంచి

నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో మా పెదనాన్న కొడుకు రొయ్యల గుంటలు సాగు చేస్తాడు. గేటు పక్కన సిమెంటుతో కట్టిన చిన్న తొట్టి ఉంటుంది. అందులో పర్మాంగనేట్ నీళ్లుండాలి. లోపలికి వచ్చే ప్రతి మనిషీ కాళ్లు ముంచి రావాలి. పక్క గుంటలో రోగం ఉంటే అది చెప్పుల బురదతో లోపలికి రాకుండా ఈ ఏర్పాటు. పోయిన ఆగస్టులో నేను వెళ్లినప్పుడు ఆ తొట్టి అడుగున ఎండిన తుమ్మాకులు, మేత సంచి కుట్టు విప్పిన తెల్లదారం ఉన్నాయి. నీళ్లు లేవు.

పది అడుగుల అవతల, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల స్టార్టర్ డబ్బా ఉంది. దాని ముందు నల్ల రబ్బరు మ్యాట్ పరిచి ఉంది. చెప్పులు తడిగా ఉంటే తుడుచుకుని, మ్యాట్ మీద నిలబడి, ఒక్క చేత్తోనే స్విచ్ వేయాలి. అన్న ఒక్కడే ఉన్నా, రాత్రి రెండు గంటలకైనా ఇది తప్పడు. ఈ రెండూ జాగ్రత్తలే. రెండింటినీ వచ్చి చూసే అధికారి ఎవరూ లేరు. మరి ఒకటి నడుస్తోంది, ఇంకొకటి ఎండిపోయింది ఎందుకని అడిగాను.

"స్టార్టర్ కాడ తప్పు చేస్తే నేనే పోతా. ఆ తొట్టి కాడ తప్పు చేస్తే ఎప్పుడు పోతుందో, ఎవురిది పోతుందో ఎవురికి తెలుసు తమ్ముడా?" అన్నాడు.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్న విషయం చాలావరకు ఆ మాటలోనే ఉంది. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచాక నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్య రైతుకు టెన్షన్ పట్టుకుంది. ఐరోపా మార్కెట్ వైపు చూడాలని అందరూ అంటున్నారు. అక్కడికి పంపాలంటే నిషేధించిన యాంటీబయాటిక్‌ల ఆనవాళ్లు ఉండకూడదు. దాంతో ప్రతి మీటింగులోనూ "రూల్స్ పాటించండి" అన్న మాటే వినిపిస్తోంది. అసలు మనుషులు రూల్స్ ఎందుకు పాటిస్తారు, తెలిసి తెలిసీ ఎందుకు వదిలేస్తారు అన్నది మాత్రం ఆ మీటింగుల్లో చర్చకు రావడం లేదు.

చట్టం, నిబంధన, మార్గదర్శకం, కొనేవాడి షరతు

మన మాటల్లో ఇవన్నీ "రూల్స్" కిందికే వస్తాయి. నిజానికి వీటి బలం ఒకటి కాదు.

చట్టం శాసనసభో పార్లమెంటో చేసేది. రొయ్యల సాగుకు అలాంటిది 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం. ఆ చట్టాన్ని అమలు చేయడానికి ప్రభుత్వం రాసుకునే వివరాలు నిబంధనలు. గుంటను ఎలా రిజిస్టర్ చేయాలి, వెనామీ రకం రొయ్య పిల్లను చదరపు మీటరుకు ఎన్ని వేయాలి వంటివి ఈ కోవలోకి వస్తాయి. ఆ పరిమితి 60. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి, ఎకరానికి 2 లక్షల 43 వేల పిల్లకు మించకూడదన్న మాట. గేటు దగ్గర తొట్టి, పక్షులు వాలకుండా వల, పీతలు పాకకుండా కంచె లాంటి జాగ్రత్తలను గట్టు మీద మార్గదర్శకాల్లాగే చూస్తారు. రోజువారీగా ఇవి రైతు మనస్సాక్షి మీదే నడుస్తాయి.

నాలుగోది ఏ గెజిట్‌లోనూ ఉండదు. అది కొనేవాడు పెట్టే షరతు. చట్టం కన్నా గట్టిగా పనిచేసేది చాలాసార్లు ఇదే. కాదంటే జైలు ఉండదు, సరకు మాత్రం పోదు.

పట్టుబడితే కదా అనే లెక్క

రూల్స్ గురించి అందరికీ తెలిసిన వివరణ భయం. దీన్ని లెక్కగా మార్చినవాడు అమెరికా ఆర్థికవేత్త గ్యారీ బెకర్. 1968లో ఆయన చెప్పింది సూటిగా ఉంటుంది. తప్పు చేస్తే వచ్చే లాభాన్ని, పట్టుబడే అవకాశాన్ని శిక్షతో గుణిస్తే వచ్చే నష్టంతో మనిషి పోల్చి చూసుకుంటాడు.

హెల్మెట్‌తో చూద్దాం. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో హెల్మెట్ లేకపోతే జరిమానా 1,000 రూపాయలు. ఒంగోలులో ఒకతను వందసార్లు బండి తీస్తే ఒక్కసారి పట్టుబడతాడనుకుందాం. సగటున ట్రిప్పుకు 10 రూపాయలు పడింది. ఇప్పుడు జరిమానాను 5,000 చేసి, తనిఖీలు తగ్గించి, వెయ్యిసార్లకు ఒకసారే పట్టుకుంటే? ట్రిప్పుకు 5 రూపాయలే. శిక్ష ఐదింతలైంది, భయం సగమైంది. నేరాల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధనలు కూడా శిక్ష ఎంత పెద్దదన్న దానికన్నా, దొరకడం ఎంత ఖాయమన్నదే ఎక్కువ ప్రభావం చూపుతుందని చెబుతున్నాయి.

ఈ లెక్కకు ఒక హద్దుంది. భయంతో పాటించే రూల్ చెక్‌పోస్టు ఉన్నంత మేరే బతుకుతుంది. పెట్రోలు ట్యాంకు మీద హెల్మెట్ పెట్టుకుని, పోలీసులు కనపడగానే తలకెక్కించుకునేవాళ్లను జాతీయ రహదారి పొడవునా చూస్తూనే ఉంటాం. ఆ హెల్మెట్ జరిమానా నుంచి కాపాడుతుంది, తలను కాపాడదు.

1984లో షికాగో నగరంలో టామ్ టైలర్ అనే మనస్తత్వవేత్త 1,575 మందిని ఇంటర్వ్యూ చేసి చూశాడు. చట్టాన్ని ఎందుకు పాటిస్తున్నారన్న దానికి శిక్ష భయం కన్నా, ఆ చట్టం పెట్టినవాళ్లకు ఆ హక్కు ఉందన్న నమ్మకం, తమతో న్యాయంగా వ్యవహరించారన్న భావన ఎక్కువగా కనిపించాయి. కేసు ఓడిపోయినా, తన మాట విన్నారనుకున్న మనిషి మళ్లీ రూల్‌కు కట్టుబడతాడు. ఇది షికాగోలో కనిపించిన సంగతి. మన దగ్గర అచ్చంగా అలాగే ఉంటుందని చెప్పలేం. కానీ ఆఫీసులో గంటల తరబడి నిలబెట్టి, పేరు కూడా అడగకుండా పంపేస్తే ఆ ఆఫీసు రాసిన రూల్ మీద మనకు ఎంత గౌరవం మిగులుతుందో ఎవరి అనుభవం వాళ్లకుంది.

జరిమానా ధరగా మారినప్పుడు

ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది శిశు సంరక్షణ కేంద్రాల్లో జరిగిన ప్రయోగం ఒకటి 2000లో అచ్చయింది. సాయంత్రం పిల్లలను తీసుకుపోవడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు సరికదా, దాదాపు రెట్టింపయ్యాయి. అంతకుముందు "పాపం, టీచరమ్మ ఎదురు చూస్తుంటుంది" అన్న మొహమాటం ఉండేది. డబ్బు కట్టడం మొదలయ్యాక ఆ మొహమాటం పోయింది. ఆ తర్వాత జరిమానా తీసేసినా పాత పద్ధతి తిరిగి రాలేదు.

మన పొగాకు రైతులకు ఈ సంగతి కొత్తగా ఉండదు. టంగుటూరు, కొండపి, పొదిలి, కనిగిరి వేలం కేంద్రాల పరిధిలో బ్యారన్‌కు (ఆకు ఆరబెట్టే కొట్టానికి) ఇంత అని పొగాకు బోర్డు పరిమితి పెడుతుంది. మించి పండించిన దాన్ని అపరాధ రుసుముతో అమ్ముకునే వీలు ఇస్తారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పటిలా కష్టకాలంలో ఆ రుసుమును కూడా మాఫీ చేసిన సందర్భాలున్నాయి. మాఫీ చేయడం తప్పని నేను అనను, నీళ్లలో మునిగిన రైతును ఇంకా ముంచకూడదు. అయితే రైతు మనసులో ఇంకో లెక్క కూడా చేరుతుంది: పరిమితి దాటినా ఎలాగో అమ్ముడవుతుంది. 2024లో ధర బాగా పలికింది. మరుసటి సీజన్‌కు పంట పెరిగింది, 2025లో ధర పడింది. బోర్డు పరిమితే లేని నల్ల బర్లీ రకం పొగాకు సంగతి ఇంకా ఘోరమై, రాష్ట్ర ప్రభుత్వం సహకార సంస్థ మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది.

పరిమితి దాటిన రైతును అత్యాశపరుడని తేల్చేయడం తేలిక. పొలం కౌలు, బ్యారన్ అద్దె, కూలి, వడ్డీ కట్టేవాడికి ధర ఉన్న ఒక్క ఏడాదే గట్టెక్కే దారి. నేనొక్కడినే తగ్గించుకుంటే మార్కెట్ నిలబడదు, నేను మాత్రం పడిపోతానని అతనికి తెలుసు. అతని లెక్కలో తప్పు లేదు. అందరూ అదే లెక్క వేసుకోవడమే అసలు చిక్కు.

పక్కవాళ్ల కళ్లు, ఊరి దురాయి

ఈ చిక్కును ప్రభుత్వం లేకుండా కూడా కొన్ని ఊళ్లు విప్పుకున్నాయని చూపినందుకే ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. నీళ్లు, అడవి, చేపల వేట లాంటి ఉమ్మడి వనరులను వాడుకునేవాళ్లే రూల్ పెట్టుకుని, వాళ్లే కాపలా కాసి, తప్పు చేసినవాడికి మొదట చిన్న శిక్ష, తర్వాత పెద్దది వేసుకుంటే అది తరాల పాటు నిలుస్తుందని ఆమె పరిశోధనలో తేలింది.

మన తీరంలో ఆమె పేరు విననివాళ్లకు కూడా ఈ సంగతి తెలుసు. పట్టపుపాలేల్లో, అంటే మత్స్యకారుల ఊళ్లలో, కాపులు (ఊరి పెద్దలు) కూర్చుని దురాయి (ఊరంతా కట్టుబడాల్సిన మాట) వేస్తే దాన్ని దాటడం మామూలు విషయం కాదు. దానికి కాగితం ఉండదు. రేపు వేటకు పోవాలన్నా, పడవ ఇసుకలోంచి నెట్టాలన్నా పక్కవాడి భుజం కావాలి. ఆ భుజం దొరకదన్న ఆలోచనే పెద్ద జరిమానా. దురాయికి చెడ్డ ముఖం కూడా ఉంది. కాపుల మాటకు ఎదురు చెప్పిన కుటుంబాన్ని వెలివేసిన ఫిర్యాదులు పోలీసుల దాకా వెళుతుంటాయి. ఊరి కట్టు గట్టిగా ఉండటం, న్యాయంగా ఉండటం రెండు వేరువేరు సంగతులు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపాలన్న రూల్ చూడండి. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మత్స్యకారుడికి ఆ కారణం ఎవరూ నేర్పక్కర్లేదు, భృతి కూడా ఉంది, పడవలు ఒడ్డునే ఉన్నాయో లేదో ఊరంతటికీ కనబడుతుంది. ఇన్ని కారణాలు కలిసినందుకే అది నిలబడుతుంది.

అదే సముద్రంలో ఇంకో రూల్ ఉంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే వదలాలి, మరబోట్లు రాకూడదు. నెల్లూరు తీరంలోని ఇసకపల్లి దగ్గర తమిళనాడు కడలూరు వైపు బోట్ల మీద జరిగే గొడవలకు మూలం ఈ హద్దే. ఆ బోటువాడు మన పాలెంలో బతకడు, మన భుజం అతనికి అక్కర్లేదు. దురాయి అతన్ని తాకదు. అక్కడ ప్రభుత్వ గస్తీ లేకపోతే కాగితం మీద హద్దు నీళ్లలో కనిపించదు.

కంపెనీ ఏది పాటిస్తుంది?

సంస్థకు భయం, మొహమాటం ఉండవు. దానికి లెక్కలు, అలవాట్లు, పైవాళ్ల మాట ఉంటాయి.

1997లో మన సముద్ర ఉత్పత్తులు పరిశుభ్రంగా లేవని ఐరోపా దిగుమతులు ఆపేసింది. ఫ్లోరు టైల్స్ నుంచి ఐసు చేసే నీళ్ల దాకా మన ప్రాసెసింగ్ ప్లాంట్లు అంతా మార్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఏ ప్లాంటుకు వెళ్లినా తల మీద టోపీ, చేతికి తొడుగు, గంటకోసారి క్లోరిన్ నీళ్లలో చేతులు ముంచడం కనిపిస్తాయి. కొనేవాడి ఆడిటర్ వస్తాడు, చూస్తాడు, మార్కులేస్తాడు కాబట్టి.

అదే ప్లాంటులో చల్లదనం కోసం అమ్మోనియా గ్యాస్ తిరుగుతుంటుంది. లీకైతే ఊపిరి అందదు. ఎటు పరుగెత్తాలి, మాస్కు ఎక్కడుంది అన్నది అక్కడ పనిచేసే ఆడవాళ్లకు నేర్పాలి. దీన్ని చూడాల్సింది ఫ్యాక్టరీల శాఖ. రొయ్య రుచిలో ఈ లోపం తెలియదు, విదేశాల్లో తినేవాడికి దీనితో పని లేదు. రొయ్యను తాకే చేతి మీద ఉన్న శ్రద్ధ ఆ చేయి గల మనిషి ఊపిరి మీద కూడా ఉండాలి. ఎవరూ కొలవని జాగ్రత్తను సంస్థ ముందుగా మరిచిపోతుంది, ఆ మరుపు మనుషుల ప్రాణం మీదికి వస్తుంది కాబట్టి దీన్ని గట్టిగా చెబుతున్నాను.

సంస్థల్లో ఇంకో జబ్బుంది. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ పేలి ఏడుగురు చనిపోయారు. చలికి రబ్బరు సీళ్లు సరిగా పనిచేయవని ముందురాత్రే ఇంజనీర్లు చెప్పారు. అంతకుముందు ప్రయాణాల్లో ఆ సీళ్లు కాలినట్టు కనిపించినా నౌక క్షేమంగా తిరిగొచ్చింది కాబట్టి, అది మామూలే అన్న ధోరణి అప్పటికే పాతుకుపోయింది. డయాన్ వాన్ అనే సామాజికవేత్త దీన్ని తప్పే మామూలైపోవడం అని వివరించింది. ఎవరూ ఒక్కరోజులో రూల్ దాటలేదు. ఏమీ కాని ప్రతిసారీ ఒక్కో అంగుళం జరిగారు.

దానికి ఎదురుగా మన శ్రీహరికోట. 2019 జూలై 15 తెల్లవారుజామున 2.51కి చంద్రయాన్-2 పైకి లేవాలి. రాష్ట్రపతి వచ్చి కూర్చున్నారు, దేశమంతా మేల్కొని ఉంది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉండగా సాంకేతిక లోపం కనిపించి కౌంట్‌డౌన్ ఆపేశారు. వారం తర్వాత, జూలై 22న పంపారు. ఆపు అన్నవాడికి ఆ రాత్రి ఎవరి మాటా అడ్డం రాలేదు.

యాంటీబయాటిక్ ఎక్కడ జారుతుంది?

మళ్లీ గుంట దగ్గరికి వద్దాం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి మన దేశంలో రొయ్యల సాగుకు నిషేధం. అయినా 2016లో ఐరోపా మన సాగు రొయ్యల సరకులో పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. నమ్మకం పోయినందుకు కట్టిన మూల్యం అది.

పంట నలభయ్యో రోజుకు, మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్‌ట్రేలో తెల్లటి రెట్ట తేలుతుంది. మేత తగ్గుతుంది. అప్పటికే మేత, పిల్ల, కరెంటు కలిపి లక్షల్లో అప్పు ఉంటుంది. ఆ సమయంలో మందుల షాపులో అరువు మీద ఇచ్చే డబ్బాలో ఏముందో రైతుకు తెలియకపోవచ్చు, లేబుల్ మీద "గ్రోత్ ప్రమోటర్" అని మాత్రమే రాసి ఉండొచ్చు. తెలిసి వాడేవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామంది తెల్లమచ్చ రోగానికి యాంటీబయాటిక్ పనిచేస్తుందని నమ్ముతారు. తెల్లమచ్చ వైరస్ వల్ల వస్తుంది. యాంటీబయాటిక్ దాన్ని ఏమీ చేయలేదు. ఈ ఒక్క విషయం అర్థమైన రైతుకు జరిమానాతో పని లేదు, డబ్బు దండగని తానే మానేస్తాడు.

బ్యాక్టీరియా రోగమై, మందు నిజంగా పనిచేసే చోట చిక్కు వేరు. ఒక ఊహ లెక్క వేద్దాం. పది మంది రైతుల సరకు ఒక ఏజెంటు ద్వారా కలిసిపోయి కంటైనర్ ఎక్కింది. అందులో ఒకరే మందు వాడారు. వాడినందుకు లక్షన్నర రూపాయల రొయ్య బతికింది. కంటైనర్ వెనక్కి వచ్చింది. ఎవరి రొయ్యో తేలదు కాబట్టి కంపెనీ తర్వాతి పంటకు అందరికీ కిలోకు 10 రూపాయలు తగ్గించింది. తలా 5 టన్నులు పడితే ఒక్కొక్కరికి నష్టం 50 వేలు. మందు వాడినవాడికి ఇంకా లక్ష మిగిలింది. వాడని తొమ్మిది మందికి కలిపి నాలుగున్నర లక్షలు పోయాయి. వచ్చే పంటకు ఆ తొమ్మిది మందిలో ఒకరు "నేనెందుకు ఆగాలి" అనుకుంటే అతన్ని తప్పు పట్టడం కష్టం.

ఈ గొలుసును తెంపాలంటే సరకు కలవకముందే గుంట ఏదో తెలియాలి. రొయ్యలు పట్టడానికి ముందు గుంటలో శాంపిల్ తీసి, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎంపెడా ల్యాబులో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి వెనక ఉన్న ఆలోచన ఇదే. పాటించినవాడి రొయ్య వేరుగా కనబడాలి, ఆ తేడా ధరలో కూడా కనబడాలి. కాగితం ఉన్న రొయ్యకూ లేని రొయ్యకూ ఏజెంటు ఒకే రేటు చెబితే ఆ కాగితం గట్టు మీదే ఎగిరిపోతుంది.

జైలు తీసేయడం మంచిదేనా?

2005 చట్టంలో రిజిస్ట్రేషన్ లేకుండా సాగు చేస్తే మూడేళ్ల దాకా జైలు ఉండేది. 2023లో చేసిన సవరణ జైలు తీసేసి ఆర్థిక జరిమానాలు పెట్టింది. అదే ఏడాది జన విశ్వాస్ చట్టంతో ఇంకా 42 చట్టాల్లో 183 నిబంధనలను ఇలాగే మార్చారు.

సమర్థించేవాళ్లు చెప్పేది ఇది. చిన్న రైతు జైలుకు భయపడితే రిజిస్టర్ చేయించుకోడు, దాక్కుంటాడు. దాక్కున్నవాడికి రోగం వస్తే ఎవరికీ చెప్పడు. గుంట లీజుకు తీసుకుని, కాగితాలు భూయజమాని పేరున ఉన్నవాడి భయం ఇంకా ఎక్కువ. పైగా 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల గుంటలను తొలగించమన్నప్పటి నుంచి 2005లో చట్టం వచ్చేదాకా తన గుంట చట్టబద్ధమో కాదో తెలియక నలిగినవాళ్లు నెల్లూరు తీరంలో చాలామంది ఉన్నారు.

వ్యతిరేకించేవాళ్ల వాదనా బలమైనదే. వందల ఎకరాలవాడికి జరిమానా అంటే మేత ఖర్చులో ఇంకో పద్దు. హైఫాలో జరిగిందే ఇక్కడా జరుగుతుంది. ఉప్పునీళ్లు ఇంకి వరి మడి, తాగునీటి బావి పాడైనవాళ్లకు ఆ జరిమానాలో దమ్మిడీ రాదు.

మధ్యలో మూడో దారి ఒకటుంది. మొదట చెప్పడం, తర్వాత నోటీసు, తర్వాత జరిమానా, చివరకు లైసెన్సు రద్దు, మెట్టుమెట్టుగా. నాకు ఇది సబబుగా అనిపిస్తుంది. కాకపోతే మొదటి మెట్టు మీద నిలబడి చెప్పే ఫిషరీస్ అసిస్టెంటు గట్టు మీదికి రావాలి, రావడానికి అతనికి మనుషులు, బండి, సమయం ఉండాలి.

ఒకే కాలువ

తెల్లమచ్చ నీళ్లతో, పీతలతో, పక్షులతో పాకుతుంది. రోగం తగిలిన గుంట నీళ్లు బ్లీచింగ్ వేయకుండా వదిలితే, కింద మోటారు పెట్టుకున్న ప్రతివాడి గుంటలోకీ అదే నీరు వెళుతుంది. అయినా చెప్పడానికి ఎవరికీ మనసొప్పదు. చెబితే ఏజెంటుకు తెలుస్తుంది, అర్ధరాత్రి హడావుడిగా పట్టిన రొయ్యకు రేటు పడిపోతుంది. రెండేళ్ల కిందట మా అన్నే చెప్పలేదు. ఆ నెలలో కింద నాలుగు గుంటలు పోయాయి. అందులో ఒకటి అన్న బావమరిదిది. వాళ్లింట్లో ఆ సంక్రాంతికి పొయ్యి మీద అరిసెలు ఎక్కలేదు.

ఆ తర్వాత ఆ కాలువ మీది రైతులు కూర్చుని ఒక మాట అనుకున్నారు. రోగం కనిపించినవాడు వెంటనే చెప్పాలి, తూము మూయాలి. చెప్పినవాడి రొయ్య పట్టడానికి మిగతావాళ్లు మనుషులను పంపాలి, బ్లీచింగ్ ఖర్చు అందరూ వేసుకోవాలి. ఎక్కడా సంతకాలు లేవు, ఒక వాట్సాప్ గ్రూపు ఉంది.

ఈ నవంబరులో ఒకరోజు అందులో అన్న మెసేజ్ తెల్లవారుజామున 4.10కి వచ్చింది. "మూడో గుంటలో మచ్చ. తూము మూసినా. పొద్దున దాకా ఎవురూ నీళ్లు తోడబాకండి." అయిదు నిమిషాల్లో కింద నుంచి ఒక్కొక్క మోటారూ ఆగింది. ఆరు గంటలకు బావమరిది ఇద్దరు కూలీలను, మూడు బ్లీచింగ్ సంచులను బండి మీద వేసుకుని వచ్చాడు. లోపలికి వచ్చే ముందు ముగ్గురూ గేటు దగ్గర ఆగి తొట్టిలో కాళ్లు ముంచారు. అందులో నీళ్లున్నాయి.